మెడ దగ్గర నిద్రపోయే కుంపటక్క

ఒకప్పుడు మనిషి ఒంట్లో ఇద్దరు కొవ్వు అక్కచెల్లెళ్లు ఒళ్లంతా కలిసి తిరిగేవాళ్లు. చెల్లెలు మీగడమ్మ. తెల్లగా, బొద్దుగా ఉండేది. దొరికిందల్లా దాచిపెట్టడమే ఆమె పని. అక్క కుంపటక్క. బెల్లం రంగులో ఉండేది. తీపి కనిపిస్తే గుటుక్కున మింగేసి, దాన్ని మండించి, ఒళ్లు వెచ్చబరిచేది.

ఎండైనా వానైనా ఆమెది అదే పని. ఆగడమన్నది ఆమెకు చేతకాదు. చలిదేశాల వాళ్లు ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. మన సముద్రం ఒడ్డున మాత్రం పెద్ద తంటా వచ్చింది.

అక్కడ ఉప్పు మడుల్లో పనిచేసే ఆదెమ్మ నిండు చూలాలు. రోహిణి కార్తె. పైనుంచి సూర్యుడు, లోపలినుంచి కుంపటక్క. ఆదెమ్మ పెనం మీద అట్టులా అయిపోయింది. ఒకరోజు ఉప్పు గట్టు మీదే కళ్లు తిరిగి కూలబడింది. ఆమె తల్లి పేరిందేవమ్మ పరుగున వచ్చి, మొహాన నీళ్లు కొట్టి, ఇంటికి నడిపించుకుపోయింది.

ఆదెమ్మ ఒంట్లో గొడవ మొదలైంది.

"పొద్దుటినుంచి నీళ్లు పోసి పోసి నా రెక్కలు పడిపోయాయి. ఇదేమో వెనకనుంచి మంట పెడుతోంది. దీంతో నేను వేగలేను" అంది చెమటమ్మ.

ఒళ్లంతా తిరిగే నెత్తురయ్య పెద్దమనిషిలా గొంతు సవరించుకున్నాడు. "అక్కా, ఇంత ఎండలో నీకిక్కడ పనేముంది? వెళ్లిపోరాదూ" అన్నాడు.

"కడుపులో ఉన్న పిల్ల సంగతేంటి? పుట్టగానే చలేస్తుందిగా" అంది కుంపటక్క.

"బాలింత గదిలో పేరిందేవమ్మ ఎలాగూ నిప్పుల కుంపటి పెడుతుంది. బయట ఒకటి ఉండగా లోపల ఇంకోటి ఎందుకు?"

అందరూ తలలూపారు. మీగడమ్మ కూడా ఊపింది. తన చెల్లెలే తల ఊపేసరికి కుంపటక్కకు మనసు చివుక్కుమంది. ముక్కు చీదుకుంటూ, తల్లినీ పిల్లనీ వదిలి, ఆదెమ్మ విడిచిన ఊపిరితోపాటు బయటికొచ్చేసింది. ఎక్కువ దూరం పోలేదులెండి. ఇంటి చూరు కింద మూతి ముడుచుకుని కూర్చుంది. అలకంటే అలాగే ఉంటుంది.

ఆదెమ్మ ఒళ్లు చల్లబడింది. హాయిగా మజ్జిగ తాగింది. నెత్తురయ్య మీసం మెలేశాడు.

ఇంతలో తుఫాను వచ్చిపడింది. గాలికి తాటాకుల కప్పు ఎగిరిపోయింది. సరిగ్గా అప్పుడే ఆదెమ్మకు ఆడపిల్ల పుట్టింది. పేరిందేవమ్మ బాలింత గదిలో పెట్టిన కుంపటి వాన నీళ్లకు చుయ్యిమని ఆరిపోయింది. పిడకలు తడిశాయి, బొగ్గులు తడిశాయి, కప్పే చీరలూ తడిశాయి. ఆదెమ్మ గుండెలకు హత్తుకుందామన్నా ఆమె ఒళ్లే చలికి కొయ్యబారింది.

"అమ్మా, పిల్ల ఏడవట్లేదేంటే?" అంది ఆదెమ్మ.

పేరిందేవమ్మ పిల్ల పాదాలు పట్టుకు చూసింది. మంచులా ఉన్నాయి. అరచేతులతో గబగబా రుద్దసాగింది.

పెద్దవాళ్లమైతే చలికి వణుకుతాం, వణికి వేడెక్కుతాం. అప్పుడే పుట్టిన పిల్లకు వణకడం కూడా సరిగా రాదు. తల్లి ఒంట్లోలాగే పిల్ల ఒంట్లోనూ తిరిగే నెత్తురయ్య నడక నెమ్మదించింది. అతనికి భయమేసింది.

"అక్కా, తప్పయిపోయింది. పిల్ల దక్కేట్టు లేదు" అని పిలిచాడు.

ఆ మాట పూర్తయ్యేదాకా కుంపటక్క ఆగితేగా. పిల్ల పీల్చిన చిన్న ఊపిరితో లోపలికి దూరింది. చిట్టి భుజాల మధ్య చతికిలబడి మండించడం మొదలుపెట్టింది. మండించడానికి తీపి చాలక చుట్టూ చూసింది. మీగడమ్మ ఎన్నడూ లేనిది తన కొట్టు తలుపు తీసింది. "అంతా నీదేనక్కా. నీ ఇష్టమొచ్చినంత వాడుకో" అంది.

పిల్ల వీపు వెచ్చబడింది. తర్వాత పొట్ట. తర్వాత పాదాలు. ఉన్నట్టుండి కేరుమంది.

"ఏడుస్తోందే తల్లీ, పాలియ్యి" అంది పేరిందేవమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

తుఫాను వెళ్లాక ఒంట్లో అందరూ ఒక మాట మీదికొచ్చారు. పసిపిల్లల్లో కుంపటక్క మాటకు ఎదురులేదు. పిల్లలు పెద్దయ్యాక మాత్రం మెడ దగ్గర ఇంత మూల చూసుకుని పడుకోవాలి.

"చలేస్తే లేపుతారా?" అని అడిగింది కుంపటక్క.

"నిన్ను లేపాలా అక్కా? నువ్వే లేస్తావు" అన్నాడు నెత్తురయ్య.

అప్పటినుంచే పసిపిల్లల భుజాల మధ్య కుంపటక్క మెలకువగా ఉంటోంది. వేడి ఊళ్లలో పెద్దవాళ్ల మెడ దగ్గర మాత్రం చాలావరకు నిద్రలోనే ఉంటోంది. కానీ ఆస్పత్రిలో స్కాన్ గది చల్లగా ఉంటుంది. ఒంట్లో రోగపు గడ్డలు వెతికే ఒక రకం స్కాన్ కోసం తీపిలాంటి మందు ఎక్కిస్తారు. ఆ తీపిని ఎవరు ఎక్కువగా తింటే వాళ్లు తెర మీద మెరుస్తారు. ఏసీ గాలి తగలగానే కుంపటక్క లేచి, తీపి మింగి, మెడకు అటూ ఇటూ దీపాల్లా వెలుగుతుంది. అది చూసి రోగమేమోనని డాక్టర్లు పొరబడకుండా, నర్సమ్మ ముందుగానే దుప్పటి కప్పుతుంది. పాపం కుంపటక్కకు ఏసీ సంగతి ఏం తెలుసు? ఎక్కడో ఒక పిల్లకు చలేస్తోందనే లేస్తుంది.