ప్రిసిల్లా పేరుతో వచ్చిన మార్పు

“జాబితాలోంచి పేరు కొట్టేయడమంటే మనిషిని మరిచిపోవడమే కదా మాస్టారూ?” అని నీలవేణి అడిగింది.

పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన గౌరీపతి మాస్టారు కాకినాడలో పదిమందిని కూడగట్టి, చూపులేనివాళ్లకు తెలుగు చదివి వినిపించే ప్రోగ్రాం తయారు చేయిస్తున్నారు. నీలవేణి ఆయన దగ్గర పని నేర్చుకుంటోంది. అందరూ రాసిన కోడ్ ఒకే సర్వర్‌లో ఉంటుంది. ఎవరి ఇంటి నుంచి వాళ్లు ఎస్‌ఎస్‌హెచ్ అనే భద్రమైన దారిలో అందులోకి వస్తారు. ఒక్కొక్కరికీ వేరే తాళంచెవి. అది వాళ్ల కంప్యూటర్‌లోనే ఉంటుంది. దానికి సరిపోయే తాళం సర్వర్‌లోని జాబితాలో వాళ్ల పేరు పక్కన ఉంటుంది. ఎవరు ఏది చదవొచ్చో, ఎక్కడ రాయొచ్చో కూడా ఆ జాబితాయే చెబుతుంది. మనిషి పని మానేసిన రోజే పేరు తీసేయించడం మాస్టారి పద్ధతి.

ఈసారి తీసేయవలసిన పేరు ప్రిసిల్లాది. ఆరేళ్లు కలిసి పనిచేసిన ఆమె జబ్బుచేసి పోయి వారమే అయింది. నీలవేణికి పని నేర్పింది ఆమే. మాస్టారు వాదించలేదు. “నీ మనసు ఒప్పినప్పుడే తియ్యి” అన్నారు.

మరో పది రోజులకు, ఒక ఉదయం, ప్రిసిల్లా తాళంచెవితో సర్వర్‌లోకి కొత్త మార్పు వచ్చింది. ఆ పేరు చూడగానే నీలవేణి మాస్టారి దగ్గరికి పరుగెత్తింది. ఎవరో దొంగతనంగా చొరబడ్డారనుకుని, “ఇప్పుడే తీసేస్తాను మాస్టారూ, తప్పు నాదే” అంది.

“ఉండు. ముందు ఏం మార్చారో చదువు” అన్నారు మాస్టారు.

మారింది ఉచ్చారణ పట్టికలో మూడే మాటలు. జడ, జల్లెడ, జాలి. వాటిలోని ‘జ’ను ‘జలం’లోని ‘జ’లా కాకుండా, పళ్లకు ఆనించి పలకాలని దిద్ది ఉంది. చెడగొట్టినదేమీ లేదు. మాస్టారు ఆ మూడు మాటలూ పైకి పలికి చూసి, చెప్పులు తొడుక్కుని, “పద, రత్నరాజుగారి ఇంటికి వెళ్దాం” అన్నారు.

రత్నరాజు ప్రిసిల్లా భర్త. పిల్లలకు సంగీతం చెబుతాడు. పుట్టుకతోనే చూపు లేదు. మాస్టారి గొంతు వినగానే ఆయనకు సంగతి అర్థమైంది.

“నేనేనండి. నేను విని తప్పు చెబితే ఆవిడ దిద్దేది. ‘జ’ దగ్గర ఆగిపోయాం. ఆవిడ కంప్యూటర్ పాస్‌వర్డ్ నాకు తెలుసు, పంపే పద్ధతి ఆవిడ నేర్పిందే. ఆవిడ పేరుతో పంపుతుంటే, పక్కనే కూర్చుని టైపు చేస్తున్నట్టు...” ఆయన చెయ్యి ముందుకు చాచాడు. “తప్పయితే క్షమించండి. ఆవిడ పేరు మాత్రం తీసెయ్యకండి.”

మాస్టారు ఆయన చేయి పట్టుకున్నారు. “తీసేస్తాను రత్నరాజుగారూ. మీ పేరు మీద మీకొక తాళంచెవి ఇస్తాను.”

“నాకు కోడ్ రాదు కదండీ.”

“వినడం వచ్చుగా. ఉచ్చారణ పట్టిక వరకు రాయండి. మిగతాది ఊరికే చదువుకోండి.”

అక్కడే ప్రిసిల్లా కంప్యూటర్ ముందు కూర్చుని నీలవేణి ఆయనకు కొత్త తాళంచెవి చేయించింది. జాబితాలో రత్నరాజు పేరు చేర్చింది. ప్రిసిల్లా పేరు మీదికి వచ్చేసరికి వేలు కదల్లేదు. చివరకు ఆమే తీసేసింది.

“పోయిందా అమ్మా?” అని అడిగాడు రత్నరాజు.

“వినండి” అంది నీలవేణి. మొదటి రోజు నుంచి కోడ్‌లో జరిగిన మార్పుల చరిత్ర తెరిచి, చదవమని కంప్యూటర్‌కు చెప్పింది. అది తేదీలు చదివింది, చేసిన పని చదివింది, చేసినవాళ్ల పేరు చదివింది. ప్రిసిల్లా. మళ్లీ ప్రిసిల్లా. వందల మార్పులు, ఒక్కటీ చెరగలేదు. రత్నరాజు కుర్చీ దగ్గరికి లాక్కుని వింటూ కూర్చున్నాడు. వాళ్లు సెలవు తీసుకున్నప్పుడు కూడా లేవలేదు, తల మాత్రం ఊపాడు.

వీధిలోకి వచ్చాక నీలవేణి కళ్లు తుడుచుకుంది. మాస్టారు గేటు చప్పుడు కాకుండా వేసి అన్నారు:

“రేపు తలుపు ఎవరికి తియ్యాలో ఆ జాబితా చెబుతుందమ్మా. మనవాళ్లెవరో మాత్రం దాన్ని అడక్కు.”