తవిటయ్య మూడు చుట్లు

అనేవాళ్ళు అనగా, వినేవాళ్ళు వినగా, సముద్రం ఊరికి ఇప్పటికన్నా దూరంగా ఉండే రోజుల్లో, ఇసక దిబ్బల పక్కన ఒక తాటితోపు ఉండేది. ఆ తోపులో గురువులని ఒక కల్లుగీత మనిషి ఉండేవాడు. అతని పెళ్ళాం నీలమ్మ.

వాళ్ళకి పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోయారు. ఒకరు పోయారు. ఇద్దరు పోయారు. మూడోవాడు పుట్టగానే మంత్రసాని వాణ్ణి తవుట్లో పొర్లించి, "ఈడు మీ బిడ్డ కాడు, తవుడిచ్చి కొనుక్కున్న బిడ్డ" అని చావుకి వినిపించేలా గట్టిగా అని, నీలమ్మ ఒళ్ళో పెట్టింది. చావు నమ్మింది. వాడు బతికాడు. తవిటయ్య అని పేరు పెట్టుకున్నారు.

తాటిచెట్టు మీద కూర్చుంటే పది ఇళ్ళ పెరళ్ళు కనిపిస్తాయి. అందుకని ఆ తోపులో ఒక కట్టుబాటు ఉండేది. చెట్టెక్కేవాడు నడుముకి మోకు తాడు తగిలించుకోగానే మూడు కేకలెయ్యాలి.

"సెట్టెక్కుతున్నానమ్మో!"

ఒకటో కేక దడి చాటున నీళ్ళు పోసుకునేవాళ్ళకి. రెండో కేక పెరట్లో పిల్లకి పాలిచ్చేవాళ్ళకి. మూడో కేక చెట్టు కింద ఉన్నవాళ్ళకి. కత్తి జారొచ్చు, కుండ జారొచ్చు. మూడు కేకలూ అయ్యాక, అందరూ సర్దుకున్నాక, అప్పుడు చెట్టు మీద కాలు పెట్టాలి.

పదేళ్ళప్పుడు తవిటయ్య కేకెయ్యకుండా ఎక్కేశాడు. కత్తి జారింది. కింద పాకుతున్న పసిదాని తలకి జానెడు దూరంలో ఇసకలో దిగింది. గురువులు కొడుకుని కొట్టలేదు. ఇంటింటికీ తిప్పి, ప్రతి గుమ్మంలోనూ నిలబెట్టి తప్పు ఒప్పించాడు.

ఆఖరి గుమ్మంలో వాడు ఏడుస్తూ, "అయ్యా, పిల్లకేటీ కాలేదు కదా" అన్నాడు.

"కాలేదు. అది నీ గొప్పేట్రా? మీదున్నోడికి కిందోళ్ళందరూ అవుపిస్తారు. కిందోళ్ళకి మీదోడు అవుపించడు. అందుకే కేకెయ్యాల్సింది మీదున్నోడు."

తవిటయ్య మిషను బడిలో చదివాడు. లెక్కలు బాగా వచ్చాయి. ఎత్తంటే భయం లేదు. ఆ రోజుల్లోనే దేశాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి పెద్ద యుద్ధం చేసుకుంటున్నాయి. విమానాలు తోలేవాళ్ళు కావాలన్నారు. తవిటయ్య వెళ్తానన్నాడు.

"ఇమానమా!" అంది నీలమ్మ. "దానికి మోకుంటాదేట్రా?"

"నడుముకి పట్టీ కడతారే అమ్మా."

"అయితే బిగించి కట్టుకో."

సముద్రానికి తూర్పున, అడవుల్లో, తవిటయ్యకి ఒక బాంబుల విమానం ఇచ్చారు. ముందు తోలేవాడు కూర్చుంటాడు. వెనక తుపాకీవాడు కూర్చుంటాడు. తవిటయ్య వెనక కూర్చునేవాడి పేరు కురియన్. మలయాళం మనిషి. వాళ్ళ ఊళ్ళో అతనికి అప్పుడే పుట్టిన కూతురుంది. ఇంకా మొహం చూడలేదు.

తవిటయ్య విమానంలోకి ఎక్కేముందు మూడుసార్లు కేకేసేవాడు. "ఎక్కుతున్నానమ్మో!" విమానం మరలు బిగించేవాళ్ళు నవ్వేవారు.

"మీ ఊళ్ళో పెళ్ళాం పక్కన పడుకోవాలన్నా ఇలాగే కేకేస్తారా?" అనేవాడు కురియన్, వచ్చీరాని తెలుగులో.

"నాకింకా పెళ్ళవలేదన్నా. నీ మరదలొచ్చాక ఆవిణ్ణే అడుగు."

అక్కడొక నది ఉంది. నది మీద ఒక వంతెన ఉంది. శత్రువుల ఫిరంగులన్నీ ఆ వంతెన దాటే వచ్చేవి. దాటిన ప్రతి ఫిరంగీ మనవాళ్ళని చంపేది. వంతెన పడగొట్టాలి. కానీ వంతెన మీద సంతకెళ్ళే జనం నడుస్తారు. వంతెన కింద చాకళ్ళు బట్టలుతుకుతారు. గట్టు మీద శత్రువుల తుపాకులు ఆకాశంకేసి చూస్తుంటాయి.

వాళ్ళ పై అధికారి, ఒక తెల్లదొర, చెప్పాడు: "వాళ్ళ కళ్ళల్లో ఎండ కొట్టేలా, ఎండలోంచి తిన్నగా దిగు. బాంబు వదులు. తిరిగిరా."

మొదటిసారి తవిటయ్య చెప్పినట్టే చేశాడు. తిన్నగా దిగాడు. బాంబు వంతెనకి తగల్లేదు. చాకిరేవులో పడింది. పైకి లేస్తూ కిందకి చూశాడు. రేవులో ఆరేసిన బట్టలున్నాయి. ఆరేసినవి కొన్ని. మనుషులు కట్టుకున్నవి కొన్ని. రెండో రకం కదల్లేదు.

ఆ పూట అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు.

"తినరా తమ్ముడూ. యుద్ధం అంటే ఇదే" అన్నాడు కురియన్.

"నాను కేకెయ్యలేదన్నా" అన్నాడు తవిటయ్య. అంతే అన్నాడు.

రెండోసారి వెళ్ళారు. ఈసారి తవిటయ్య తిన్నగా దిగలేదు. వంతెన చుట్టూ కిందికంటా ఒక చుట్టు తిరిగాడు. రెక్కలు అటూ ఇటూ ఊపాడు. జనం తలెత్తి చూశారు. సగం మంది పరుగెత్తారు. సగం మంది నోరు తెరుచుకుని అక్కడే నిలబడ్డారు. ఈలోగా తుపాకులు లేచాయి. కురియన్ కూర్చున్న చోట, చెవి పక్కనుంచి గుండు దూసుకుపోయింది. తవిటయ్య బాంబు ఏటి మధ్యలో పారేసి వెనక్కి వచ్చాడు.

దొర మొహం కందగడ్డలా ఉంది. "చుట్టెందుకు తిరిగావు?"

"చెప్పడానికండి."

"శత్రువుకా?"

"కిందున్నోళ్ళకండి."

"ఇంకొక్క అవకాశం ఇస్తున్నాను. ఈసారి చుట్టు తిరిగావంటే నీతో పాటు నీ వెనకున్నవాడు కూడా చస్తాడు. అది గుర్తుపెట్టుకో."

ఆ మాట తవిటయ్యకి గుచ్చుకుంది. కత్తి జారితే కిందవాళ్ళకే తగులుతుందని వాళ్ళయ్య చెప్పాడు. పక్కవాడికి తగిలితే ఏం చెయ్యాలో చెప్పలేదు.

మూడోసారి. తెల్లారింది. విమానం దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. తవిటయ్య అడిగాడు:

"అన్నా, నేనివాళ చుట్టు తిరుగుతాను. నీ ప్రాణం నాది కాదు. నువ్వేమంటావు?"

కురియన్ నేల చూశాడు. "తిరక్కు" అన్నాడు.

"తిరక్కపోతే మళ్ళీ రేవులోనే పడొచ్చు."

"తెలుసు. నేను చెడ్డవాణ్ణి కాదు తమ్ముడూ. నాకు భయంగా ఉంది. కూతుర్ని చూడాలని ఉంది."

తవిటయ్యకి కోపం రాలేదు. హాజరు పుస్తకం తెప్పించాడు. 'కురియన్‌కి జ్వరం' అని రాసి కింద సంతకం పెట్టాడు.

"ఇంక నువ్వు పడుకో అన్నా. జ్వరమొచ్చినోడు తిరక్కూడదు."

వెనక తుపాకీవాడు లేకుండా వెళ్ళడమంటే వీపు అప్పజెప్పి వెళ్ళడమే. తవిటయ్య వెళ్ళాడు. ఎక్కేముందు మూడు కేకలేశాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

నది కనిపించింది. వంతెన కనిపించింది. ఆ రోజు సంత.

ఒకటో చుట్టు తిరిగాడు. రెక్కలు ఊపాడు. రేవులో చాకళ్ళకి పోయినసారి గుర్తుంది. బట్టలు అక్కడే వదిలేసి పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తారు. రేవు ఖాళీ అయింది. తుపాకులు లేచాయి.

రెండో చుట్టు తిరిగాడు. గుళ్ళు తోకకి తగిలాయి. వంతెన మీది జనం బుట్టలు పారేసి రెండు గట్లకీ చీలిపోయారు. వంతెన ఖాళీ అయింది.

అంతా ఖాళీ కాలేదు. నడిమధ్యలో ఒక ఎడ్లబండి. చక్రం పలకల సందులో ఇరుక్కుంది. ఒక మనిషి, ఆడమనిషి, ఎడ్ల ముందు నిలబడి పగ్గం లాగుతోంది. ఎడ్లు కదలవు. ఆమె ఎడ్లని వదలదు.

పైన తవిటయ్య, కింద ఆమె. మధ్యలో గుళ్ళు. ఇప్పుడు బాంబు వదిలితే అతను ఇంటికెళ్ళొచ్చు. వదలకుండా ఇంటికెళ్తే ఫిరంగులు దాటుతాయి.

మూడో చుట్టు తిరిగాడు.

నెమ్మదిగా తిరిగాడు. ఎంత కిందకి తిరిగాడంటే, ఆమెకి లోపలున్న మనిషి కనిపించాడు. నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు. మర మోతలో ఆమెకి మాట వినిపించలేదు. అద్దం వెనక అంత చిన్న కుర్రాడు ఉంటాడని ఆమె అనుకోలేదు. ఎడమ రెక్క అంటుకుంది. ఆమె కొడవలి తీసి కాడి తాళ్ళు తెగ్గోసింది. ఎడ్లు ఒకవైపు ఉరికాయి. వాటి వెనకే ఆమె.

వంతెన ఖాళీ అయింది.

మండే రెక్కతో తవిటయ్య పైకి లేచి, తిరిగి, దిగాడు. వంతెన నడుం విరిగింది. విమానం మళ్ళీ లేవలేదు.

ఇదంతా ఎవరు చూశారు, ఎవరు చెప్పారు అంటారా? యుద్ధం అయిపోయాక కురియన్ ఆ నది వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆ ఎడ్ల మనిషే చెప్పింది. గట్టు మీద పూడ్చిన చోటు కూడా చూపించింది. కురియన్ అక్కణ్ణుంచి రైలెక్కాడు, పడవెక్కాడు, నడిచాడు. తాటితోపుకి వచ్చాడు. కూతుర్ని చూడ్డానికి ఇంకా వెళ్ళనే లేదు.

నీలమ్మ పొయ్యి దగ్గర బెల్లం పాకం కలుపుతోంది. గురువులు అప్పటికే లేడు. కురియన్ నిలబడే అంతా చెప్పాడు. ఆవిడ కలపడం ఆపలేదు, ఆపితే పాకం మాడిపోతుంది.

అంతా విని ఒక్కటే అడిగింది. "అందరూ తప్పుకున్నారా బాబూ?"

"అందరూ, అమ్మా. ఎడ్లతో సహా."

"ఊఁ."

"అమ్మా, నేను రానన్నాను. వాడి వెనక నేనుండాలి. తుపాకీ పట్టుకుని నేనుండాలి. రానన్నాను."

నీలమ్మ గరిటె ఆగింది. పాకం మాడిన వాసన వచ్చింది. ఆ మాట క్షమించడానికి ఆవిడకి ఎంతసేపు పట్టిందో ఎవరికీ తెలీదు, క్షమించిందో లేదో కూడా తెలీదు. కానీ అంది:

"ఆడు నిన్నడిగేడు కదా. నువ్వు నిజం సెప్పేవు. అబద్ధమాడి ఎక్కుంటే నాకీ కబురెవుడు తెచ్చును? కూకో. మాడిందైనా బెల్లమే. తిని, ఎల్లి నీ కూతుర్ని సూసుకో."

తోపు పక్క కొండలో ఆ తర్వాత రాళ్ళ క్వారీ పెట్టారు. మందుగుండు పెట్టి రాళ్ళు పేల్చేవాళ్ళు ఎక్కడెక్కణ్ణుంచో వచ్చారు. మొదటి రోజు మేస్త్రీ వత్తి అంటించబోతే, మా ఊరి ఆడవాళ్ళు వెళ్ళి ఆ రాయి మీదే కూర్చున్నారు.

"లెగండమ్మా, పనాగిపోతంది!"

"తవిటయ్య సుట్లు తిరిగేవేటి?"

"అదేటి?"

చెప్పారు. ఇప్పుడు మీకు చెప్పినట్టే, అక్కడే కూర్చుని, మొదట్నుంచీ.

అప్పట్నుంచి ఈ రోజు వరకూ అక్కడ అదే పద్ధతి. మేస్త్రీ మారినా, క్వారీ చేతులు మారినా, వత్తి అంటించేవాడు ఎర్రగుడ్డ ఊపుకుంటూ కొండ చుట్టూ మూడు చుట్లు తిరుగుతాడు. మొదటి రెండూ గబగబా తిరుగుతాడు. మూడోది మాత్రం నెమ్మదిగా, ప్రతి బండ వెనకా ఒంగి చూసుకుంటూ నడుస్తాడు. కొత్తవాడెవడైనా తొందరపడి, "ఎవరూ లేరుగా, ఇంకా ఎందుకీ చుట్టు?" అంటే పాతవాళ్ళు ఒకే మాట అంటారు:

"ఉన్నారనుకుని నడు."