చెలమ దగ్గర వంతు

ముళ్లపంది కోటమ్మవ్వ వంశం చిన్నది కాదు. ఆమె ముత్తాత గుండయ్య కొండమీది ఇసుకవాగులో మొట్టమొదటి చెలమను తవ్వినవాడు. తాత నీలయ్య దాని చుట్టూ వట్టివేరు నాటి, ఇసుక జారకుండా కట్టడి చేశాడు. తల్లి అచ్చమ్మ ఒక కరువేడాది పొరుగు అడవి లేగదూడలన్నిటి దాహమూ తీర్చింది. వారి తరువాత ఆ చెలమకు కావలి అవ్వదే. ఒకరు తాగాక నీరు మళ్లీ ఊరేదాకా రెండవవారు ఆగాలి. అది అక్కడి కట్టుబాటు.

ఏటా వేసవిలో మైదానపు జంతువులు కొండ చల్లదనం కోసం చుట్టపుచూపుగా వచ్చేవి. వస్తూ జొన్నకంకులు, వేరుశనగకాయలు తెచ్చేవి. వానలు పడేదాకా కొండవారికి అదే ఆధారం.

ఆ ఏడు నక్క చిత్తయ్య సభ పెట్టించాడు.

"పదిమందిని పిలిచి పది కంకులతో సరిపెట్టుకోవడం ఏమి బతుకు? చెలమను కోనేరంత చేద్దాం. మందలకు మందలే దిగుతాయి!"

కుందేళ్లు చెవులు నిక్కించాయి. దుప్పి సైతం తల ఊపింది. అవ్వకు ఒకటే తెలుసు. ఆ ఊట పోతే కొండ మీద మరో నీటిచుక్క లేదు. అయినా గొంతు పెంచలేదు.

"నాయనా చిత్తయ్యా, ఈ చెలమ జోలికి రాకు. దిగువ ఇసుకంతా నీదే. అక్కడ తవ్వుకో, నీ అతిథులను నీవే చూసుకో. మూర లోతు మాత్రం దాటకు, ఒడ్డు జారుతుంది."

"మూరలు కొలుచుకునే కాలం పోయిందవ్వా!" అని చిత్తయ్య దిగువ ఇసుకలో నిలువు లోతున తవ్వించాడు.

మొదటి పూట నీరు తళతళలాడింది. రెండవ పూట నలభై గేదెలు ఒక్కసారిగా దిగాయి. ఒడ్డు కూలింది, ఊట పూడిపోయింది. మిగిలినది బురద, ఆ బురదలో పీకలదాకా చిత్తయ్య.

"ఏమయ్యా, నీళ్లకని పిలిచి బురదతో నలుగు పెడతావా?" అని పెద్దగేదె ఈసడించింది.

దప్పికతో మంద ఎగువకు ఉరికింది. అవ్వ చెలమకు అడ్డంగా నిలిచి ముళ్లు గలగలలాడించింది.

"ఆగండి. ఒక్కొక్కరే."

"నలభైమందిమి తల్లీ! ఎంతసేపని?"

"నీరు ఊరేటంతసేపు. అందాకా నేరేడు నీడ ఉంది, కొండగాలి ఉంది. మీరు వచ్చింది వాటికోసం కాదూ?"

గేదెలు ఒకదాని మొహం ఒకటి చూసుకొని నీడన చతికిలబడ్డాయి. పొద్దు వాలేసరికి అందరికీ తేటనీరు దక్కింది. మరుసటి ఏటినుంచి పదేసిమందిగానే వస్తామని పెద్దగేదె మాట ఇచ్చింది.

చివరన చిత్తయ్య బురద కారుతూ వచ్చాడు. "నా వంతెప్పుడవ్వా?"

"అందరి తరువాత. రేపటినుంచి వంతులు పిలిచే పని నీదే."

"నాదా!"

"పిలవడం నీకు వచ్చినంతగా ఇక్కడ ఎవరికి వచ్చునురా?"

కోటమ్మవ్వ తన తరువాతివారికి అప్పగించి వెళ్లినవి ఇవి: మూర లోతు చెలమ, చుట్టూ వట్టివేరు, వంతులు పిలిచే నక్క, ఇంకా ఒక మాట. అతిథిని పిలిచే ముందు ఊటను అడగాలి.