నీలవేణి సైగ

ప్రశ్న వినీ వినగానే జవాబు చెప్పే అలవాటు పరాంకుశాచార్యులవారికి లేదు. ఆ ఉదయం గంగునాయుడు వచ్చి, "గురువుగారూ, ఇన్నేళ్లుగా తెల్లవారకముందే లేచి ధ్యానానికి కూర్చుంటున్నాను. మనసు నిలిచేది ఒక్క లిప్తపాటు. మిగతాదంతా వృథాయే. ఇక మానేద్దామనుకుంటున్నాను" అన్నప్పుడు కూడా, ఆయన కరివేపాకు మొక్కకు నీళ్లు పోయడం పూర్తి చేసి, అరుగు మీద కూర్చుని, తనకు తెలిసిన ఒకామె సంగతి చెప్పారు.

భీమిలిలో సౌదామిని అని ఒక నర్సు ఉండేది. ఆమె తల్లి నీలవేణికి పుట్టుకతోనే చెవుడు, మాటా రాలేదు. ఇంట్లోవాళ్లతో చేతి సైగలతోనే మాట్లాడేది. ఏ బడిలోనూ నేర్చిన సైగలు కావవి, ఆ ఇంట్లో పుట్టినవే. సౌదామినికి రెండేళ్లు నిండకముందే నీలవేణి జ్వరంతో పోయింది. ఆ తరువాత తండ్రి భార్య ఊసెత్తలేదు. పిల్లను పెంచింది మేనత్త ఆదెమ్మ.

పెద్దదయ్యాక సౌదామినిని ఒకే సంగతి తొలిచేది. "అత్తా, అమ్మకు మాట రాదు కదా, మరి నన్నేమని పిలిచేది?" అని అడిగింది ఒకనాడు.

"నీకో సైగ పెట్టుకుందమ్మా. ఎలా చేసేదో, ఎంత తలుచుకున్నా రావట్లేదే" అని ఆదెమ్మ కళ్లొత్తుకుంది.

తండ్రి పోయాక, ఆయన ట్రంకుపెట్టె అడుగున ఒక రేకుడబ్బా, అందులో చిన్న ఫిల్ము రీలు కనిపించాయి. ఓడలో పనిచేసే స్నేహితుడి సినిమా కెమెరా అడిగి తెచ్చి, ఒక మధ్యాహ్నం పెరట్లో తల్లినీ పిల్లనూ తీశాడని ఆదెమ్మ చెప్పింది. సౌదామిని ఆ డబ్బా పట్టుకుని విశాఖపట్నంలో, పాత ఫిల్ములను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఫక్రుద్దీన్ దుకాణానికి వెళ్లింది.

ఆయన మూత తీయగానే పులిసిన వాసన గుప్పుమంది. సముద్రపు చెమ్మకు ఫిల్ము ముడుచుకుపోయి, చుట్టలన్నీ ఒకదానికొకటి అంటుకున్నాయి. "దీని పని అయిపోయిందమ్మా. మిషనెక్కిస్తే ముక్కలవుతుంది" అన్నాడు.

"మిషనెక్కించకండి. చేత్తో విప్పుదాం."

"విప్పేటప్పుడే సగం బొమ్మలు ఊడిపోతాయి. ఏం మిగులుతుందో నేను మాటివ్వలేను."

"మిమ్మల్ని మాటివ్వమనలేదండీ. ఎలా విప్పాలో చూపించండి."

సెలవు దొరికినప్పుడల్లా ఆమె బస్సెక్కి వచ్చేది. ఇద్దరూ పట్టకార్లతో ఫిల్మును రవ్వంత చొప్పున విడదీసేవారు. విడిన బొమ్మ వెనక దీపం పెట్టి, ఒక్కొక్కదాన్నే ఫక్రుద్దీన్ ఫోటో తీసేవాడు. ఆ ఫోటోలను వరసగా కూర్చి నడిపిస్తే మళ్లీ కదిలే బొమ్మవుతుంది. అవతల ఆదెమ్మకు చూపు మసకబారుతోంది. ఆ సైగను చూసి ఇదీ అని గుర్తుపట్టగలిగిన మనిషి ఆమె ఒక్కతే.

ఒకనాడు మూరెడు ఫిల్ము మీది బొమ్మలన్నీ పక్క చుట్టకు అంటుకుని ఊడివచ్చాయి. చేతిలో ఖాళీ పట్టీ మిగిలింది. ఫక్రుద్దీన్ పట్టకారు కింద పడేసి, "ఇక చాలమ్మా" అన్నాడు. సౌదామిని ఆ పట్టకారు తీసి మళ్లీ ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆమె ముఖం వంక చూసి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

వానాకాలం వెళ్లాక పని ముగిసింది. ఆదెమ్మను చెయ్యి పట్టి తీసుకొచ్చి తెర ముందు కూర్చోబెట్టారు. తెల్లటి మరకలు, గీతలు, మధ్యమధ్య ఒక చీర అంచు, ఒక బావి గట్టు. నీలవేణి ముఖం ఉండవలసిన చోటల్లా బూజు పట్టిన మచ్చే. సౌదామిని తెరకు మరింత దగ్గరగా జరిగింది.

అంతలో తెర తేటపడింది. బుడిబుడి అడుగులతో పిల్ల అటు తిరిగి పోతోంది. నీలవేణి కాలితో నేలను తట్టింది. ఆ అదురుకు పిల్ల వెనక్కి తిరిగింది. నీలవేణి చూపుడువేలు తన బుగ్గకు ఆనించి, గుచ్చినట్టుగా మెల్లగా తిప్పింది. పిల్ల నవ్వుతూ రెండు చేతులూ చాచి ఆమె వైపు పరుగెత్తింది. మళ్లీ అంతా తెలుపు.

"అదేనే! నీ బుగ్గ సొట్టే! అదేనే నీ పేరు!" అని ఆదెమ్మ కేక పెట్టింది.

సౌదామిని వేలు బుగ్గకు ఆనించి, మెల్లగా తిప్పింది. తెర మీది చెయ్యి ఎలా తిప్పిందో, అచ్చం అలాగే.

ఆచార్యులవారు ఆగారు. గంగునాయుడు, "అయితే గురువుగారూ, అంత కష్టపడినా మిగతా రీలంతా పోయినట్టేనా?" అన్నాడు.

"ఏమో నాయనా," అన్నారాయన లేస్తూ. "ఆ సంగతి అడగాలని ఆమెకు తోచలేదు."