తీతువు లెక్కపెట్టిన గంపలు

అనగనగా ఒక అడవిలో, ఏటి ఒడ్డున, గురువారం గురువారం సంత జరిగేది. ఆ సంతకు ఒక కట్టుబాటు ఉంది. ఒక్కొక్కరూ ఒక్క గంపే తేవాలి. దాని పక్కనే కూర్చోవాలి. ఒకరి గంప మరొకరు ముట్టకూడదు.

సంత పక్కన గులకరాళ్లలో ఒక తీతువు నాలుగు గుడ్లు పొదుగుతోంది. తీతువు కూస్తే కీడని అందరికీ నమ్మకం. పైగా అది ఇంతకుముందు రెండుసార్లు ఉత్తినే కంగారుపడి కూసింది. "మూడోసారి కంగారు పెట్టావో, ఇక్కడ నీకు చోటు లేదు!" అని పెద్దలు తేల్చేశారు. గుడ్లను మోసుకుపోలేదుగా పాపం!

ఆ గురువారం తీతువు పొద్దుపోక లెక్కపెట్టింది. అమ్మేవాళ్లు ముప్పై ఏడుగురు. గంపలు ముప్పై ఎనిమిది!

మోదుగాకులు కప్పిన గంప ఒకటి ఒంటరిగా ఉంది. ఇందాక ముఖానికి ఆకులు చుట్టుకున్నవాడెవడో దాన్ని దించి, ఎడమ వెనక కాలు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

తీతువు ఉసిరికాయలమ్మే కుందేలుతో చెప్పింది.

"పరాయి గంప గొడవ మనకెందుకమ్మా? నా బేరం చెడగొట్టకు," అంది కుందేలు.

కోతితో చెప్పింది.

"మూత తీసి చూస్తే పోలా? అరటిపళ్లుంటే చెరిసగం!" అంది కోతి.

"ముట్టుకోకు బావా!"

"అయితే ఆ కొత్తగా వచ్చిన నక్కల పనే ఇది."

"నక్కల్ని నేను చూళ్లేదు. చూడనిది చెప్పను."

తీతువుకు కూత గొంతుదాకా వచ్చింది. కూస్తే తొక్కిసలాట అవుతుందని మింగేసింది. గుడ్లను ఎండలోనే వదిలి, రేవులో కాపలా ఉన్న ఎలుగుబంటి దగ్గరికి ఎగిరింది. చూసిందంతా చెప్పింది.

"ఇదీ ఉత్తిదైతే నీ గూడు పోతుంది, తెలుసుగా?" అంది ఎలుగుబంటి.

"తెలుసు మామా. ఉత్తిదైతే పోయేది నా ఒక్క గూడు. నిజమైతే ముప్పై ఏడు కుటుంబాలు."

ఎలుగుబంటి వెంటనే సంతకు పరుగెత్తింది. వచ్చేసరికి కోతి చెయ్యి మూత మీదే ఉంది! కోతిని పక్కకు లాగి, అందర్నీ నెమ్మదిగా అవతలి ఒడ్డుకు పంపింది. గంపకు చెవి ఆనించింది. ఝుమ్మని కందిరీగలు! తుట్టెల సంగతి ఎలుగుబంటికి కొత్తా? తడి మట్టితో గంపంతా మెత్తి, మడుగులో ముంచేసింది.

ఇసుకలో ఈడ్చిన కాలి జాడ పట్టుకుని వెళ్తే ముళ్లపొదలో దుమ్ములగొండి దొరికింది. భయంతో సంత చెదిరిపోతే రేవు తనదవుతుందని దాని ఎత్తు.

తీతువు గూటికి పరుగెత్తింది. ఉసిరికాయలన్నీ నేల మీద దొర్లుతున్నాయి. గుడ్ల మీద కుందేలు గంప బోర్లించి ఉంది. కింద నాలుగు గుడ్లూ ఎండ తగలకుండా క్షేమంగా ఉన్నాయి.

"బేరం వచ్చే గురువారమైనా ఉంటుందిలే అమ్మా," అంది కుందేలు, తల దించుకుని.

పెద్దలు కూడా వచ్చారు. "ఇకపై నీకు అనుమానం వస్తే వందసార్లైనా చెప్పు తల్లీ! ఉత్తిదైతే మాకు పోయేది నాలుగడుగుల నడకేగా!" అన్నారు.

నీతి: అనుమానం కలిగిన వస్తువును ముట్టుకోకు, ఊరికే ఊరుకోకు, చూసింది చూసినట్టు కాపలావాళ్లకు చెప్పు. ఊరంతటినీ కాచేది ఆ ఒక్క మాటే.