గుండెల మీది జడ

షెన్ మాస్టారు చరిత్ర పాఠం మొదలుపెట్టే ముందు నల్లబల్ల మీద నిలువుగా ఒక గీత గీసేవారు. గీతకు ఎడమవైపు మంచూ చక్రవర్తుల కాలంలో చైనాలో జరిగినవి రాసేవారు, కుడివైపు అదే ఏడు పడమటి దేశాల్లో జరిగినవి. ఎందుకలా అని ఎవరైనా అడిగితే, ఒంటికన్నుతో చూస్తే దూరం తెలియదనేవారు.

యాంగ్సీ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఆయన దగ్గర చదువుకున్నవాడు లియాంగ్ యూషాన్. ముప్పయ్యేళ్లవాడు, నూనె కాగితపు గొడుగులు చేసే ఇంటివాడు. మంచూ రాజ్యం కూలిపోతున్న ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం మాస్టారి దగ్గరికి వచ్చాడు. ఊరి ద్వారం దగ్గర కొత్త ప్రభుత్వపు సైనికులు కత్తెరలు పట్టుకుని మగవాళ్ల జడలు కోసేస్తున్నారు. నుదుటి పైన తల ముందుభాగం గొరిగి వెనక జడ వేసుకోవడం మంచూల ఆనవాలు కనుక అది పోవాలని వాళ్ల పట్టు. ఎల్లుండి నుంచి ఇళ్లకే వస్తారట. జడ మీద చెయ్యి పడితే నదిలో దూకుతానని యూషాన్ తండ్రి భీష్మించుకుని కూర్చున్నాడు.

"అన్నంత పనీ చేస్తాడు మాస్టారూ. తాతముత్తాతల ఆచారం కోసం ప్రాణమిస్తానంటున్న మనిషిని ఏ మొహం పెట్టుకుని ఆపను?"

మాస్టారు లేచి గీత గీశారు. ఎడమవైపు, రెండు వందల అరవై ఏళ్ల కిందట, ఉత్తరాది పరదేశులైన మంచూలు చైనాను గెలుస్తూ దక్షిణానికి దిగిన ఏడు రాశారు. పది రోజుల్లో అందరూ నుదురు గొరిగి జడ వేసుకోవాలి, లేదంటే తల ఉండదు అని చాటింపు వేసిన ఏడు అది. కుడివైపు, ఇంగ్లండులో రాజుకూ ప్రజల సభకూ యుద్ధం. నాలుగేళ్లకు రాజు తల తీశారు. మరో పన్నెండేళ్లకు, తీయించిన నాయకుడి శవాన్ని గోతిలోంచి తవ్వి ఉరికొయ్యకు వేలాడదీశారు. చదువుకునే రోజుల్లో యూషాన్ ఇది విని పడీపడీ నవ్వినవాడే. చచ్చినవాడితో ఏం పని అన్నాడు అప్పట్లో.

ఎడమవైపు రాసిన ఆ ఏడు మీ వంశంలో ఎవరైనా ఉన్నారా అని మాస్టారు అడిగారు. ఉన్నాడు. ఎనిమిది తరాల వెనకటి తాత. జడ వేసుకోనన్నందుకు ఊరి తూర్పు ద్వారం దగ్గర ఆయన తల నరికారు. ఆ ఇంటి పరువంతా ఆయనే. కొత్త సంవత్సరం రోజున ఇంటిల్లిపాదీ ఆయన పటం ముందు మోకరిల్లుతారు.

"పద, నేనూ ఒక దణ్ణం పెట్టుకుంటాను," అన్నారు మాస్టారు.

ముసలాయన వెదురు ఈనెలు చీలుస్తూ కూర్చుని ఉన్నాడు. జడ చొక్కా లోపల దోపుకున్నాడు. "కత్తెర తెచ్చారా షెన్ మాస్టారూ? పదును చూసుకోవాలంటే ముందు నా వెదుళ్ల మీద చూసుకోండి," అన్నాడు. పటం చూడటానికి వచ్చామనగానే మొహం విప్పారింది. చేతులు కడుక్కుని, పట్టుగుడ్డ చుట్ట తెచ్చి గోడకు వేలాడదీసి, తాత కథ మొదలుపెట్టాడు. భార్య కాళ్లు పట్టుకున్నా వినలేదట. మంగలి కత్తి తీసేలోపే మెడ వంచి, నుదుటి మీద కాదు, ఇక్కడ పెట్టమన్నాడట.

మాస్టారు కళ్లు చికిలించారు. "నాకు చూపు ఆనడం లేదు. ఆ మహానుభావుడి నుదురు ఎలా ఉందో కాస్త చెప్పండి."

ముసలాయన నోరు తెరిచాడు. పటం వైపు చూశాడు.

తాత పోయిన తొంభై ఏళ్లకు, మంచూల కొలువు దొరికిన మునిమనవడొకడు వేయించిన పటం అది. చిత్రకారుడు తన కాలంలో పెద్దమనుషులు ఎలా ఉండేవారో అలాగే వేశాడు. టోపీ పక్కన బల్ల మీద ఉంది. నుదురు నున్నగా గొరిగి ఉంది. భుజం మీదుగా ముందుకు తెచ్చిన పొడవాటి జడ, గుండెల మీద.

అప్పటినుంచీ ఆ ఇంట్లో పుట్టిన ప్రతివాడూ ఏడాదికోసారి దాని ముందు తల వంచినవాడే. యూషాన్ కూడా. ఈసారి అతనికి నవ్వు రాలేదు.

ముసలాయన పటం దగ్గరికి జరిగాడు. తనలో తాను అనుకున్నట్టు, "ఈయనకు ఈ జడ ఎవడు వేశాడ్రా," అన్నాడు. ఆయన వెళ్లి పీట మీద కూర్చున్నాడు. చొక్కాలోంచి జడ బయటికి లాగి, వెదురు చీల్చే కత్తి కొడుకు చేతికిచ్చాడు. వీధిలో వాడెవడో కోయడానికి వీల్లేదన్నాడు. కోసిన జడను గుడ్డలో చుట్టి, తన శవపేటికలో పెట్టమని ఆజ్ఞాపించి, మళ్లీ ఈనెల ముందు కూర్చున్నాడు.

వీధి మలుపు దాకా సాగనంపుతూ యూషాన్ అడిగాడు, మరి ఇద్దరిలో ఎవరిది సరి, తాతదా, నాన్నదా అని. మాస్టారు నడుస్తూనే ఉన్నారు.

"రేపు మీ నాన్న పటం వేయించేటప్పుడు చిత్రకారుడి పక్కనే కూర్చో," అన్నారు.

"జడతో వేయించనా, జడ లేకుండానా?"

"ఆయన్నే అడుగు. ఇంకా ఉన్నాడుగా, ఇప్పుడే అడుగు."