కుదుళ్ళమ్మ నెత్తిన మోదుగపూల కుదురు

మోదుగువలస దాటాక బండిబాట ఆగిపోతుంది. అక్కడి నుండి కొండమీది కుదుళ్ళమ్మ గుడికి ఎంతటివారైనా నడిచే వెళ్ళాలి. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో ఈ దారి పొడవునా మోదుగ చెట్లు ఆకంతా రాల్చి పూలతోనే నిలబడి ఉంటాయి. వెంట వచ్చిన పిల్లలు చిలకముక్కులాంటి ఆ పూలను ఈనెలకు గుచ్చి చిలకలు చేసుకుంటారు, బూరుగుపూలను బొంగరాల్లా తిప్పుకుంటారు. పెద్దలు మాత్రం దారి పక్కన కూర్చుని కుదుళ్ళు చుడతారు.

నీళ్ళ కడవ నెత్తిన కదలకుండా నిలవడానికి కింద పెట్టుకునే చుట్టనే ఈ వైపు కుదురు అంటారు. ఎండుగడ్డిని మణికట్టంత లావున పేని, తలకు సరిపోయేలా గుండ్రంగా చుట్టి, మోదుగ వేరునారతో బిగిస్తారు. ఆ నార సందుల్లో కాడలు లోపలికి, ముక్కులు బయటికి వచ్చేలా పూలు దోపుతారు. చెట్టున ఉన్న పువ్వును కోయరు. రాలినవి ఏరుకుంటే చాలు, ఆ నెలల్లో నేల కనబడదు. కుదురు ఎవరిది వారే చుట్టుకోవాలి. పట్నం నుండి ప్లాస్టిక్ పూల కుదుళ్ళు కొని తెచ్చేవారు ఈమధ్య కొందరు బయలుదేరారు. అమ్మవారు ఏమనుకుంటుందో మనకు తెలియదు గానీ, పూజారి గారు మాత్రం వాటిని మొహమాటం లేకుండా గుమ్మం అవతల పెట్టిస్తారు.

తల్లి విగ్రహం నడుమెత్తు నల్లరాయి. ఒక చెయ్యి పైకెత్తి, ఒక చెయ్యి నడుము మీద పెట్టి, మెడ ఎడమకు వాల్చి నిలబడి ఉంటుంది. కిరీటం లేదు. మెడలో మాల కూడా వేయరు. నెత్తిన మోదుగపూల కుదురు, దాని మీద నీళ్ళ కడవ, అంతే అలంకారం. ఆ వాలిన మెడ చూసి కొత్తవారు శిల్పికి చెయ్యి తిరగలేదేమో అనుకుంటారు. ఈ విగ్రహాన్ని ఏ శిల్పీ చెక్కలేదని మోదుగువలస ఊరివారు చెబుతారు. ఎందుకో తెలియాలంటే ఈ కథ వినాలి.

పూర్వం ఇక్కడ గుడి లేదు. కొండమీద ఒక నిలువురాయి ఉండేది, వలసవారు దానినే తల్లిగా కొలిచేవారు. ఒక ఏడు మోదుగలు పూసే రోజుల్లో వలసకు మశూచి వచ్చింది. ఆ పేరు ఎవరూ నోటితో పలికేవారు కారు, తల్లి వచ్చిందనేవారు. తల్లి వచ్చిన ఇంటికి కట్టుబాట్లు గట్టివి. ఆ ఇంట్లో తాలింపు వేయరాదు, తల దువ్వరాదు. తల్లి చల్లబడి వెళ్ళేవరకు ఆడవారు తలలో పువ్వు పెట్టరాదు. పెడితే తల్లిని పరిహసించినట్టేనని, బిడ్డ దక్కదని నమ్మేవారు. ఆ ఇంటివారిని ఎవరూ ముట్టుకునేవారు కారు.

అమ్మవారి సేవ చేసే దాసుడు తవిటయ్య. ఒకనాటి తెల్లవారుజామున ఆయనకు కలలో తల్లి కనబడింది.

“ఒల్లంతా మండిపోతంది. గెడ్డ నీల్లు తెచ్చి నా నెత్తిన పొయ్యండి. ఇంటికో కడవ. పొద్దుగూకకుండా అన్నిల్ల కడవలూ రావాల. దారిలో కింద దించిన నీల్లు నాకొద్దు.”

తవిటయ్య ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. గెడ్డ అంటే కొండ కింది వాగు. ఆడవారంతా స్నానాలు చేసి వాగులో కడవలు ముంచుకుని బారులు తీరారు. వలస చివరి ఇల్లు సన్నాసమ్మది. ఆమెకు భర్త లేడు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు గున్నమ్మ. ఆ పిల్లకే తల్లి వచ్చి, కళ్ళు తెరవకుండా వేపాకుల మీద పడి ఉంది. తల్లి ఉన్న ఇంటి మనిషి కొండ ఎక్కడమేమిటని జనం సణిగారు.

“ఇంటికో కడవంది తల్లి. ఆ ఇల్లొద్దని అన్లేదు కదా!” అన్నాడు తవిటయ్య. “ఆకర్న రమ్మనండి. ఎవులూ దాన్ని ముట్టుకోకండి.”

ఇంట్లో ఉన్న కుదురు చివికిపోయింది. ముట్టుకోని మనిషికి వేరే కుదురు ఎవరు ఇస్తారు? సన్నాసమ్మ కొంగునే మడిచి నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. సగం కొండ ఎక్కేసరికి కొంగు తడిసి కడవ జారింది. పట్టుకోబోతే నేలకు ఆనింది. ఆనిన నీళ్ళు పనికిరావు. పారబోసి మళ్ళీ వాగుకు దిగింది. అప్పటికే పొద్దు వాలుతోంది. పైన మిగతావారి కడవలన్నీ చేరిపోయాయి. ఇక తన ఒక్క కడవ చేరకపోతే ఊరికి వేడి దిగదు, గున్నమ్మ కళ్ళు తెరవదు.

ఈసారి ఆమె వాగు ఒడ్డున చేతికందిన ఎండుగడ్డి పీకి కుదురు చుట్టింది. ఇక్కడే పొరపాటు జరిగింది. మోదుగ పూసే నెలలో ఉత్త గడ్డి కుదురు నెత్తిన పెట్టుకోవడం ఆ వలస ఆడవారికి ఊహ తెలిసిన నాటి నుండి అలవాటు లేదు. ఆమె మనసంతా బిడ్డ మీద ఉంది. చేతులు వాటి పాటికి అవి రాలిన పూలు ఏరి, నార సందుల్లో దోపి, కుదురు ముగించాయి. దానిని నెత్తిన పెట్టుకుని, కడవ ఎత్తుకుని, ఆమె వడివడిగా కొండ ఎక్కసాగింది.

నిటారు మలుపు దగ్గర ఒక పెద్ద బండ ఉంది. అక్కడికి వచ్చేసరికి నలిగిన మోదుగ పువ్వు ఒకటి ఆమె భుజం మీద రాలింది. అది చూసేసరికి సన్నాసమ్మకు తాను చేసిన పని తెలిసివచ్చింది. ఇంట్లో తల్లి ఉండగా ఆమె తలలో పూలు పెట్టుకుంది! కుదురు తీసేయాలంటే కడవ దించాలి. దించితే మళ్ళీ వాగుకు వెళ్ళివచ్చే పొద్దు లేదు. పోనీ అలాగే వెళదామంటే, తన బిడ్డను తానే చంపుకోవడానికి వెళ్ళినట్టు ఉంటుంది. కడవ పట్టుకునేందుకు ఒక్క మనిషి లేదు, ఉన్నా పట్టుకోదు. ముందుకు అడుగు పడక, వెనక్కు తిరగలేక, ఆమె ఆ బండ దగ్గర నిలబడి గట్టిగా ఏడ్చింది.

అప్పుడు కింది దారిన ఒక స్త్రీ ఒట్టి చేతులతో ఎక్కి వచ్చింది. సన్నాసమ్మ ఆమెను ఎన్నడూ చూడలేదు, పొరుగూరి మనిషి అనుకుంది.

“ఏటే, అలాగ నిలబడిపోనావు?”

“దగ్గరకి రాకమ్మా! మా ఇంట తల్లుంది. నన్ను ముట్టుకోకూడదు.”

“నాకు తెల్దేటి? మీ ఇంటికాడ్నించే వస్తన్నాను. ఇలాగియ్యి.”

సన్నాసమ్మ వద్దనేలోపే ఆమె కడవనూ కుదురునూ కలిపి ఎత్తి తన నెత్తిన పెట్టుకుంది. పెట్టుకుందే గానీ, నడక చేతకాలేదు. మెడ ఎడమకు వాలిపోయింది. అడుగడుగునా నీళ్ళు తొణికాయి. వెనుక నడిచే సన్నాసమ్మ చూస్తూ ఊరుకోలేకపోయింది.

“మెడ నిటారుగా ఉంచమ్మా! నీల్లన్నీ ఒలిగిపోతన్నాయి.”

“ఇన్నాల్లూ మీ సేత మోయించుకున్నాను గానీ, నానెప్పుడు మోసినానే?” అంది ఆమె.

ఆ మాట అర్థం కాకపోయినా సన్నాసమ్మకు నవ్వు వచ్చింది. బిడ్డ పడుకున్న నాటి నుండి ఆమె నవ్వడం అదే. ముందు నడిచే ఆమె మలుపు తిరిగి కనుమరుగైంది.

పైన నిలువురాయికి వీపు పెట్టి, దారి వైపు చూస్తూ జనం కూర్చుని ఉన్నారు. సన్నాసమ్మ ఒట్టి చేతులతో రావడం చూసి అందరూ లేచారు.

“ఏదే నీ కడవ?” అని తవిటయ్య అరిచాడు.

“ముందల ఒకామె ఎత్తుకొచ్చింది కదా!” అంటూ సన్నాసమ్మ వారి వెనక్కు చూసి, ఉన్నచోటనే కూలబడింది. జనం వెనక్కు తిరిగారు. పొద్దుటి నుండి తాము నీళ్ళు పోసిన నిలువురాయి లేదు. ఆ చోట మెడ వాల్చి, చెయ్యెత్తి, నల్లరాతి స్త్రీ నిలబడి ఉంది. నెత్తిన నలిగిన మోదుగపూల కుదురు, దాని మీద సన్నాసమ్మ కడవ. కడవలో నీళ్ళు సగమే ఉన్నాయి.

సన్నాసమ్మ మొక్కడానికి కూడా ఆగక ఇంటికి పరుగెత్తింది. గున్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

“అమ్మా, గంజియ్యే,” అంది పిల్ల. ఆ వెంటనే, “నా కాడ కూకున్న అప్ప ఏదే? మీ యమ్మ మెడ ఇరిగిపోతంది, బేగి ఎల్లాలని ఎల్లిపోనాది,” అంది.

ఆనాటితో వలసలో వేడి దిగింది. గున్నమ్మ ముఖాన మచ్చలు మాత్రం చివరివరకు ఉండిపోయాయి.

తరువాతి కాలంలో ఒక జమీందారు గుడి కట్టించి, తల్లికి వెండి కిరీటం చేయించి తెచ్చాడు. పెట్టిన ప్రతిసారీ వాలిన తల మీద నుండి అది జారి పడింది. జమీందారుకు కోపం వచ్చింది గానీ, ఎవరి మీద చూపాలో తెలియలేదు. ఆ కిరీటం గుడి పెట్టెలో ఇప్పటికీ ఉంది. అడిగితే చూపిస్తారు.

సన్నాసమ్మ ఏడుస్తూ నిలబడిన బండను నేడు చెయ్యిమార్పు బండ అంటారు. ఇప్పటికీ వసంతంలో భక్తురాండ్రు వాగులో కడవ ముంచి, స్వయంగా చుట్టిన పూలకుదురుతో అక్కడివరకే మోసుకువస్తారు. అక్కడ ఒక్కొక్కామె తన కడవను, కుదురుతో సహా, వెనుక వచ్చే ముఖమెరుగని మనిషి నెత్తికి ఎత్తి, ఆమెది తాను ఎత్తుకోవాలి. ఎవరి కడవ వారు పైకి మోయరాదు. నీ కష్టమేమిటని అడగరాదు. కులగోత్రాలు అసలే అడగరాదు. తొణికితే విచారించనక్కరలేదు, తల్లి తెచ్చినవీ సగం నీళ్ళే. ఇలా మోసినవారి ఇంట పిల్లలు చల్లగా ఉంటారని, జబ్బుపడినవారు లేచి గంజి అడుగుతారని నమ్మకం.

అందరికన్నా చివర వచ్చి, మార్చుకోవడానికి జత దొరకని ఆమె సంగతేమిటని యాత్రికులు తరచు అడుగుతారు. ఆమె వెనుక ఎవరూ ఉండరు కదా! ఆమె కడవ దించకుండా బండ దగ్గర నిలబడి ఉండాలి. ఇంతవరకు ఏ ఏడూ ఆమె కడవ పైకి చేరకపోలేదు. దానిని ఎత్తుకు వచ్చినామె ఎవరని మాత్రం ఈ గుడిలో ఎవరూ అడగరు.